ఇంటిలో ఇంటర్నెట్టు ఆగినప్పుడు



నేడు పల్లెయిండ్లలోనికిని ఇంటర్నెట్టు వచ్చినది. అడంగలు చూచుకొనుటకును, బ్యాంకులెక్క తెలిసికొనుటకును, దూరదేశముననున్న మనుమని ముఖము చూచుటకును అదియే ఆధారమైనది. అది ఆగినచో, “రౌటరు చెడినది, క్రొత్తది కొనుడు” అని ఎవరో ఒకరు చెప్పుదురు. మనము నమ్మి ధనము వెచ్చింతుము. రౌటరు చెడకయే ఇంటర్నెట్టు ఆగు సందర్భములు పెక్కులు గలవు. వానిని గుర్తించు విధమును నేడు మీకు మనవి చేయదలచితిని.

మన చేలకు పేర్లుండును: మర్రిచెట్టు చేను, గుడివెనుక చెక్క. సర్కారు లెక్కలకు ఆ పేర్లు తెలియవు. సర్వే నంబరే తెలియును. పూర్వము పేరు చెప్పినచో నంబరు చెప్పువాడు కరణము. ఇంటర్నెట్టునందును ఇట్లే. అందలి యంత్రములకు అంకెల చిరునామాలు గలవు. అంకెలు మనకు జ్ఞాపకముండవు గనుక పేర్లు వాడుదుము. పేరు చెప్పగా అంకె చూపు ఏర్పాటునే డి.ఎన్.ఎస్. అందురు. తొలుత ఈ పేర్లన్నియు ఒక్క జాబితాగా అమెరికాలోని కాలిఫోర్నియాలో ఉండెడివి. తక్కినవారు దానికి నకలు తీసికొనెడివారు. పేర్లు పెరిగి ఆ పద్ధతి సాగకపోగా, 1983లో పాల్ మొకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు ఆ లెక్కను పలుచోట్లకు పంచియుంచు ఈ ఏర్పాటును రూపొందించెను.

కరణము ఊర లేనంతమాత్రమున చేను మాయము కాదు గదా! అట్లే డి.ఎన్.ఎస్. పలుకకున్నను దారి బాగుగనే యుండవచ్చును. దారి తెగినదా, పేరు తెలియకున్నదా? దీనిని తేల్చుకొనుటయే ముఖ్యము.

మొదట, ఆగినది ఒక్క ఫోనులోనా, ఇంటిలోని అన్నిటిలోనా చూడుడు. ఫోనులోని మొబైల్ డేటాను ఆపి చూడవలెను. ఒక్కదానిలోనే ఐనచో లోపము ఆ ఫోనుదే కావచ్చును.

అన్నిటిలో ఆగినచో రౌటరు దీపములు చూడుడు. ఫైబరు కనెక్షనులో ఎల్.ఓ.ఎస్. అని వ్రాసియున్న దీపము ఎఱ్ఱగా వెలిగినను, మినుకుమన్నను, తీగెలో వెలుగు అందుట లేదని అర్థము. సన్నని తీగె మడతపడినదేమో, ఊడినదేమో చూడుడు. తీగె కొనలోనికి మాత్రము కన్ను పెట్టి చూడరాదు. తీగె సరిగా నున్నచో కనెక్షను ఇచ్చినవారికి కబురంపవలెను.

ఎఱ్ఱదీపము లేనిచో రౌటరును ఆపి, ఒక నిమిషము తాళి, మరల వెలిగించి, ఐదు నిమిషములు వేచియుండుడు. పెక్కుసారులు దీనితోనే పని చక్కబడును.

చక్కబడనిచో, చదువుకొను పిల్లవానిచేత కంప్యూటరులో పింగ్ అను ఆజ్ఞను 8.8.8.8 అను అంకెకు ఇప్పించుడు. జవాబు వచ్చినచో దారి బాగుగ నున్నట్లే. పిదప ఏదేని వెబ్‌సైటు పేరునకు అదే ఆజ్ఞ ఇప్పించుడు. పేరే కనుగొనలేకున్నానని కంప్యూటరు చెప్పినచో లోపము డి.ఎన్.ఎస్.దే.

దీనికి మందు సులభము. రౌటరు అడుగున అతికించిన చీటిలో, దాని అమరికలు తెరచు చిరునామా ఉండును. పెక్కింటికి అది 192.168.1.1. అందు డి.ఎన్.ఎస్. అనుచోట పాత అంకెలను కాగితముపై వ్రాసికొని, 8.8.8.8, 1.1.1.1 అని నింపించుడు. మొదటిది గూగుల్ 2009లోను, రెండవది క్లౌడ్‌ఫ్లేర్ 2018లోను అందరికిని ఉచితముగా తెరచిన కరణీకములు.

రెండు హెచ్చరికలు. రౌటరుపైనుండు రీసెట్ అను చిన్న రంధ్రములో పుల్లతో నొక్కరాదు; అమరికలన్నియు చెరిగిపోవును. బాగుచేసెదనని ఫోనులో ఎవరైన ఓ.టి.పి. అడిగినచో చెప్పరాదు, ఈ మరమ్మతునకు దానితో పని లేదు.

“ఇంటర్నెట్టు రాలేదు” అనువానికి ఎవరు ఏమి చెప్పినను వినక తప్పదు. “ఎఱ్ఱదీపము లేదు, అంకెకు జవాబున్నది, పేరునకు లేదు” అని చెప్పగల పెద్దకు అక్కరలేని రౌటరును అంటగట్టుట ఎవరికిని సులభము కాదు. సెలవు.