పట్టాలో మన పేరు ఉందా?

(వార్షిక మహాసభలో మాట్లాడినది)



మాది బుట్టాయగూడెం మండలం, కొండ కింద ఊరు. మేము కోయవాళ్ళం. ఏలూరు, గూడెం, కొల్లేరు వైపు అక్కలు "మీ కొండల్లో భూమి ఎవరిది?" అని అడుగుతుంటారు. దాని గురించే నాలుగు మాటలు చెప్తాను.

మా తాతల నాడు కాగితం లేదు. కొండవాలులో తుప్పలు కొట్టి, ఎండాక కాల్చి, సామలు, జొన్నలు, కందులు చల్లేవారు. అదే పోడు. కొన్నేళ్ళు పండించి వదిలేస్తే మళ్ళీ అడివి లేచేది. ఎవరు ఎక్కడ సాగు చేయాలో ఊరి పెద్దలు చెప్పేవారు. ఇప్పచెట్టు నరికేవారు కాదు. ఇప్పటికీ భూమి పండుగ చేయకుండా విత్తనం వెయ్యం, మామిడి పండుగ కాకుండా కాయ తినం.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడివి సర్కారుది అయింది, పోడుకు అడ్డు పడింది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం జనం లేచారంటే ఆ బాధ కూడా ఒక కారణం. ఇంకోపక్క అప్పుల కింద భూములు బయటివాళ్ళకి పోయాయి. అది ఆపడానికే 1970లో 1/70 చట్టం తెచ్చారు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల పేరున మారకూడదు.

కొల్లేరు అక్కలకి ఇది వేరే చెప్పక్కర్లేదు. 1999లో సరస్సు అభయారణ్యం అయింది, 2006లో చెరువు గట్లు కొట్టేశారు. కాగితంలో ఒక్క మాట మారితే బతుకు ఎంత మారుతుందో మీరు చూశారు.

ఆ 2006లోనే అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి అడివి భూమి సాగులో ఉన్న గిరిజన కుటుంబానికి 4 హెక్టార్ల దాకా, అంటే సుమారు 10 ఎకరాల దాకా పట్టా ఇవ్వాలి. దాన్ని అమ్మడానికి లేదు, పిల్లలకి వస్తుంది. పెళ్ళయినవాళ్ళకైతే భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి.

మా సంఘంలో అందరి పట్టాలు తెప్పించి చదివాం. కొన్నింటిలో మగాయన పేరొక్కటే ఉంది. భర్త పోయిన ఒక చెల్లిని మరిది "ఇందులో నీ పేరేదీ?" అన్నాడు. కలుపు తీసింది ఆమె, రాత్రిళ్ళు పందులకి కాపలా కాసింది ఆమె. గ్రామసభలో తీర్మానం రాయించి అర్జీ పెట్టాం. ఇంకా తేలలేదు, వదలం.

గ్రామసభకి ఊళ్ళో సగం మంది రావాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. అటవీ హక్కుల కమిటీలోనూ మూడో వంతు మనమే. అర్జీ కొట్టేస్తే కారణం రాసివ్వాలి. 60 రోజుల్లో పై కమిటీకి వెళ్ళొచ్చు. అడ్డాకు, తేనె, చింతపండు ఏరుకునే హక్కు ఊరందరిదీ. ఆ అడివిని కాపాడే అధికారం కూడా గ్రామసభదే.

అందుకని నా మనవి ఒకటే. కొండలో ఉన్నా, మైదానంలో ఉన్నా, పెట్టెలో ఉన్న కాగితం బయటికి తీయండి. చదవడం రాకపోతే సంఘం మీటింగుకి తీసుకురండి, పొదుపు పుస్తకంతో పాటు అదీ చదువుకుందాం.