నీళ్ళ లెక్క ఎవరు రాయాలి?

(కడపలో దళిత విద్యార్థుల సదస్సులో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ సదస్సులో నీళ్ళ పరిశోధన గురించి మాట్లాడతామంటే కొందరు మిత్రులు ఆశ్చర్యపోయినారు. హాస్టళ్ళ గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, దాడుల గురించి మాట్లాడాల్సిన చోట ఈ శాస్త్రం గోలేంది అన్నారు. మేము చెప్పేది ఒకటే. ఈ కరువు సీమలో నీళ్ళ లెక్క ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్ళ చేతిలో ఉన్నట్టే. ఆ లెక్క రాసేచోట మనవాళ్ళు దాదాపు లేరు. కాబట్టి ఇది మన సభ మాట్లాడాల్సిన మాటే.

మన జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువు దగ్గర నుంచే మొదలుపెడదాం. 1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించి, సంస్కృతంలో శాసనం వేయించినాడు. మంచి చెరువుకు కావాల్సిన పన్నెండు అంగాలేవో, ఉండకూడని ఆరు దోషాలేవో అందులో చెప్పినారు. అడుగున గట్టి బంకనేల ఉండాలి, దూరం నుంచి తీపినీటి ఏరు పారిరావాలి, కట్టకు గట్టి రాయి దొరకాలి. కట్టలోంచి నీళ్ళు ఊరడం దోషం. నీళ్ళు తక్కువై భూమి ఎక్కువ కావడం ఇంకో దోషం. ఇదంతా నిజమైన శాస్త్రమే, మేము కాదనడం లేదు.

అయితే ఆ పన్నెండు అంగాల్లో ధర్మం తెలిసిన రాజు తర్వాత చెప్పింది ఎవరిని? జలశాస్త్రం చదివిన బ్రాహ్మణుణ్ణి. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని కూడా శాసనంలో ఉంది. రాజు పేరుంది, రాజు వంశముంది. వెయ్యిమందిలో ఒక్కరి పేరు లేదు. మట్టి ఎంత తడిపితే కరుచుకుంటుందో, ఎన్నిసార్లు తొక్కితే నీళ్ళు ఊరవో ఆ వెయ్యిమందికి తెలియకుండానే కట్ట నిలిచిందా? తెలిసిన చెయ్యి ఒకటి, రాసిన చెయ్యి ఇంకొకటి. ఆ రెండు చేతుల మధ్య కులం అడ్డం నిలబడింది.

నీరుగంటి సంగతి చూడండి. సీమలో చాలా ఊళ్ళలో చెరువు తూము ఎత్తి దించే పని మాల మాదిగలదే. చెరువు నిండుగా ఉన్నప్పుడు తూము ఎంత ఎత్తాలి, నీళ్ళు తగ్గినాక ఎంత ఎత్తాలి, చివరి మడికి నీళ్ళు అందాలంటే ఎన్ని జాములు వదలాలి అనేది అతనికి చేతివాటంగా తెలుసు. పదిహేడో శతాబ్దంలో ఇటలీలో టారిసెల్లి అనే శాస్త్రవేత్త ఇదే సంగతి సూత్రంగా చెప్పినాడు. తూము మీద నీళ్ళ ఎత్తు నాలుగో వంతుకు పడిపోతే ధార నాలుగో వంతు కాదు, సగం అవుతుంది. ఇంటర్ భౌతికశాస్త్రంలో మన పిల్లలు ఈ సూత్రాన్ని బట్టీ పడతారు. ఇది మీ తాత చేసిన పనేరా అని వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు. తూము తిప్పిన నీరుగంటికి ఆ ఆయకట్టులో సొంత మడి ఎంత? చాలామందికి ఏడాదికిచ్చే మేరగింజలే దక్కినాయి.

ఇప్పుడు చెరువుల కాలం పోయి బోర్ల కాలం వచ్చింది. తూము కంటికి కనపడేది, బోరు అడుగున జరిగేది కనపడదు. అందుకే ఇక్కడ శాస్త్రం ఇంకా ఎక్కువ అవసరం.

1856లో ఫ్రాన్సులో హెన్రీ డార్సీ అనే ఇంజనీరు ఇసుకలోంచి నీళ్ళు పారించి చూసినాడు. నీటి మట్టం ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకు నీళ్ళు నడుస్తాయి. ఎంత వేగంగా నడుస్తాయనేది ఆ తేడా మీదా, మధ్యలో ఉన్న మట్టి, రాయి గుణం మీదా ఆధారపడుతుంది. మన రాతినేలలో నీళ్ళు నెర్రెల వెంట పోతాయి, ఒకచోట వేగంగా, ఒకచోట నిదానంగా. కొలిమిగుండ్ల దగ్గరున్న బెలుం గుహలు చూసినవాళ్ళకు ఈ మాట నమ్మించే పని లేదు. మూడు కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ సొరంగాలను సున్నపురాయిని కరిగించి తొలిచింది నేలకింద నడిచిన నీళ్ళే.

బోరు నడిపితే దాని చుట్టూ నీటి మట్టం గరాటా లాగా దిగిపోతుంది. అప్పుడు పక్క చేను కింది నీళ్ళు కూడా ఆ గరాటాలోకే జారతాయి. నీళ్ళకు గట్టు తెలియదు, పట్టాదారు పాసుపుస్తకం తెలియదు.

చట్టానికి మాత్రం తెలుసు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, ఒక దారి పట్టి పారని భూగర్భజలాన్ని తన భూమి హద్దుల్లో తీసుకునే హక్కు ఆ భూమి యజమానిది. 2002లో వాల్టా చట్టం వచ్చింది. బోరుకు అనుమతి గురించి, బోరుకూ బోరుకూ మధ్య దూరం గురించి చెప్పింది. భూమి లేనివాడి వాటా గురించి చెప్పలేదు.

బడిలో చెప్పినట్టు పలక మీద ఒక లెక్క వేద్దాం. మన రెండు పాత జిల్లాల్లో ఏడాది వాన 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఒక ఎకరంలో పడే వాన సుమారు 28 లక్షల లీటర్లు. మన రాతినేలల్లో అందులో పదోవంతు లోపలికి ఇంకుతుందనుకుంటే 2 లక్షల 80 వేల లీటర్లు. ఒక ఎకరం వరి మడికి 1200 మిల్లీమీటర్ల నీళ్ళు పెడితే 48 లక్షల లీటర్లకు పైమాటే. అంటే ఒక ఎకరం వరి కింద 17 ఎకరాల వాన ఉంది. మడిలోంచి సగం తిరిగి ఇంకుతుందని ఉదారంగా లెక్కగట్టినా ఎనిమిదీ తొమ్మిది ఎకరాలు. పోరుమామిళ్ళ రాయి మీద చెప్పిన దోషం గుర్తుందా? నీళ్ళు తక్కువ, భూమి ఎక్కువ. ఆ దోషమే ఇప్పుడు నేలకింద జరుగుతోంది.

ఆ తొమ్మిదో పదిహేడో ఎకరాలు ఎవరివి? గుట్టవార మనకిచ్చిన డీకేటీ పట్టా భూములు, వంక పొరంబోకు, మన పేట, మన శ్మశానం. వాన అక్కడ ఇంకి, పల్లంలో బోరున్న ఆసామి మడికి చేరుతోంది. వాటర్‌షెడ్ పనుల్లో, 2006లో మొదలైన ఉపాధి హామీ పనుల్లో గుట్టల మీద కందకాలు తవ్విందెవరు? మన ఆడవాళ్ళు, మన మగవాళ్ళు. కూలి ఆరోజుతో అయిపోయింది. ఇంకిన నీళ్ళు మాత్రం ఏళ్ళ తరబడి కిందికి నడుస్తున్నాయి. కూలి ఇచ్చినాం గదా అంటారు. కూలి మట్టికి ఇచ్చినారు, నీళ్ళకు ఇవ్వలేదు.

ఈ లెక్కలు మనకెట్లా తెలుస్తాయి, పెద్ద చదువులు కావాలంటారేమో. 2000ల దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో మన రాష్ట్రంలో రైతుల భూగర్భజల పథకం ఒకటి నడిచింది. కర్నూలు, కడపతో సహా ఏడు కరువు జిల్లాల్లో, 600కు పైగా పల్లెల్లో రైతులు, ఆడవాళ్ళతో సహా, వానమాపకం చూసి రాసుకున్నారు. బోర్లలో నీటి మట్టం కొలిచినారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని ఎంత నీరుంది, ఏ పంటకు ఎంత కావాలి అని బడ్జెట్ వేసినారు. దానికి పెట్టిన పేరే రైతుల నీటి బడి. చాలాచోట్ల జనం వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్ళినారు. 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక కూడా దీన్ని మెచ్చుకుంది.

మేమూ మెచ్చుకుంటాం. పల్లె మనిషి శాస్త్రం చెయ్యగలడని అది రుజువు చేసింది. అయినా ఒక ప్రశ్న మిగిలింది. అవి రైతుల సంఘాలు. భూమిలేని కూలి ఆ బడిలో ఏ వరుసలో కూర్చోవాలి? ఉన్న నీళ్ళు ఎన్ని, ఏ పంటకు ఎన్ని అని అడిగినారు. ఎవరి వాన, ఎవరి మడి అని అడగలేదు. అడిగేవాడు లేకపోతే శాస్త్రం తనంతట తాను ఆ ప్రశ్న వేయదు.

అడిగేవాడు పుట్టినప్పుడు ఏం జరుగుతుందో చరిత్రలో ఉంది. మేఘనాథ్ సాహా ఢాకా దగ్గర పల్లెలో చిన్న అంగడి నడిపేవాని కొడుకు. కిందికులమని కలకత్తా హాస్టల్లో తోటి విద్యార్థులు కలిసి తిననివ్వలేదు. నక్షత్రాల భౌతికశాస్త్రంలో 1920లో ప్రపంచమంతా వాడే సమీకరణం ఇచ్చినాడు. అంతటివాడు వరదల మీద, నదుల మీద రాసినాడు, 1943 దామోదర్ వరద విచారణ సంఘంలో కూర్చున్నాడు. అప్పుడు ఢిల్లీలో వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరు ఎవరు? మన బాబాసాహెబ్. దామోదర్ లోయ పథకానికి పునాదులు ఆయన చేతుల మీదుగానే పడినాయి. 1927లో మహద్ చెరువు నీళ్ళు దోసిట పట్టిన మనిషే 1940లలో దేశం నదుల లెక్క చూసినాడు. తాగే హక్కుతో మొదలై లెక్క రాసే హక్కు దాకా పోయిన దారి అది.

ఆ దారిలో మన పిల్లలకు ఇప్పుడేం ఎదురవుతోంది? హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీకి చేరిన సెంథిల్ కుమార్, పందులు మేపుకునే తమిళ కుటుంబం బిడ్డ, 2008లో ప్రాణం తీసుకున్నాడు. 2016 జనవరి 17న అక్కడే రోహిత్ వేముల పోయినాడు. సీటు దొరికితే సరిపోదు. గైడు కావాలి, ఫెలోషిప్ నెలనెలా రావాలి, ల్యాబ్‌లో మనిషిగా చూడాలి. ఇవి దయ కావు, పరిశోధనకు పనిముట్లు. పార లేకుండా కాలువ తవ్వమంటే ఎట్లా?

కడపలో 2006 నుంచి యోగి వేమన విశ్వవిద్యాలయం, కర్నూలులో 2008 నుంచి రాయలసీమ విశ్వవిద్యాలయం ఉన్నాయి. బస్సెక్కితే చేరే దూరం. అక్కడి నుంచి మనం అడగాల్సినవి మూడు.

ఒకటి. గుట్టవార డీకేటీ భూముల్లో ఇంకే నీళ్ళు ఎంత, అవి ఎవరి బోర్లకు పోతున్నాయనేది ఊరూరా కొలవాలి. కొలిచేవాళ్ళలో మన పిల్లలుండాలి, కొలిచిన కాగితం మీద వాళ్ళ పేరుండాలి.

రెండు. ఏ నీటి పథకంలోనైనా భూమిలేనివానికి నీళ్ళలో వాటా ఉండాలి. ఆ వాటాను అతను వాడుకోవచ్చు, బోరున్నవానికి ఇచ్చి ఫలితం తీసుకోవచ్చు. నేలకింద నడిచే నీళ్ళు ఊరుమ్మడివని భౌతికశాస్త్రమే చెబుతున్నప్పుడు చట్టం ఎందుకు చెప్పదు?

మూడు. మన సైన్సు విద్యార్థులకు చేరిన మొదటి నెలలోనే గైడును కేటాయించాలి, ఫెలోషిప్ ఆపకూడదు. ఆపితే జవాబు చెప్పే అధికారి పేరు ముందే రాసిపెట్టాలి.

విశ్వవిద్యాలయం వచ్చేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. తాడు, రాయి, నోటుపుస్తకం ఉంటే చాలు. పేటలో ఉన్న పాతబావి మట్టం ప్రతి అమావాస్యకు కొలిచి రాయండి. ఉపాధ్యాయ మిత్రులు దాన్ని లెక్కల పాఠం చెయ్యండి. ఐదేళ్ళ తర్వాత ఆ పుస్తకం పట్టుకుని కలెక్టరు ముందు కూర్చుంటే, ఆయన దగ్గర లేని లెక్క మన దగ్గర ఉంటుంది.

వెయ్యిమంది పేర్లు లేని శాసనం మన జిల్లాలో ఇప్పటికే ఒకటి ఉంది. రెండోది వేయనివ్వొద్దు.

జై భీమ్!