పరదేశపు అప్పు – దాని షరతులు

(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుని ప్రసంగపాఠము)



బడి తెరచు జూన్ మాసము వచ్చెనన్న మన యిండ్లలో కొందఱు గాజులనో గొలుసునో తాకట్టు పెట్టుట మేమెఱుగుదుము. వడ్డీ యెంత, గడువెప్పుడు, గడువు మీఱిన నగ యేమగునని మీరు అడుగక మానరు. ప్రభుత్వము పరదేశమున అప్పు చేసినపుడును ఈ ప్రశ్నలే అడుగవలెనని మా మనవి.

1991 వ సంవత్సరమున మన దేశమే బంగారమును తాకట్టు పెట్టవలసివచ్చెను. దిగుమతులకు చెల్లింపవలసిన విదేశద్రవ్యము రెండు మూడు వారములకు మాత్రమే మిగిలెను. మే నెలలో 20 టన్నుల బంగారము, మరల కొనుక్కొను ఒప్పందముపై, ఒక స్విట్జర్లాండు బ్యాంకునకు పోయెను. జూలైలో సుమారు 47 టన్నులు ఇంగ్లండు చేరెను. రెండింటిపై వచ్చినది సుమారు 60 కోట్ల డాలర్లు.

అది చాలలేదు. అంతర్జాతీయ ద్రవ్యనిధి అప్పిచ్చుటకు ప్రభుత్వపు లోటు తగ్గవలెననెను. ప్రధానమంత్రి మన తెలుగువారైన పి.వి. నరసింహారావుగారు, ఆర్థికమంత్రి మన్మోహన్ సింగుగారు. జూలై 24 నాటి బడ్జెటులో ఎరువుల ధర 40 శాతము పెంచ నిశ్చయించి, నిరసనలు రాగా 30 శాతమునకు దించిరి. ఆనాడు మేము ఇరువదేండ్లవారము. ఎరువు బస్తా ధర విని నివ్వెఱపోయిన మా తండ్రిగారు ద్రవ్యనిధి పేరైనను ఎఱుగరు. సంతకము ఢిల్లీలో జరిగినను చెల్లింపు మా పొలమునకు వచ్చెను.

మఱియొక ఖర్చు పత్రములో కానరాదు. 1966 జూన్ 6న, సాయమిచ్చు దేశములును ప్రపంచబ్యాంకును కోరియుండగా, రూపాయి విలువ తగ్గింపబడెను. డాలరు ధర 4 రూపాయల 76 పైసలనుండి 7 రూపాయల 50 పైసలయ్యెను. అనగా వేయి డాలర్ల పాత అప్పు 4,760 రూపాయలనుండి ఒక్కసారిగా 7,500 రూపాయలయ్యెను. కొత్తగా ఒక్క డాలరైనను తేకయే బాకీ పెరిగెను!

అయినను అప్పు పాపమని మేమనము. 1991 నాటి గండము ఆ సహాయముతోనే గడచెను. తాకట్టు బంగారము ఆ యేడే విడిపింపబడెను. 2009లో మన రిజర్వు బ్యాంకు ఆ ద్రవ్యనిధి వద్దనే 200 టన్నుల బంగారము కొనెను. ఆనకట్టకో విద్యుత్తునకో తెచ్చిన అప్పు తన బాకీని తానే తీర్చుకొనగలదు. పాత వడ్డీ కట్టుటకు తెచ్చిన కొత్త అప్పు బిడ్డల నెత్తిన పడును. లోటు తగ్గింపవలసివచ్చినపుడు గొంతులేనివారి పద్దు సులభముగా తెగును. మనవంటి అల్పసంఖ్యాకుల బడులు ఈ సంగతి మఱవరాదు.

కావున ఏ నాణెములో అప్పు, ఎన్నేండ్ల గడువు, ఏమి షరతు, తీర్చువారెవరు అని మాతృభాషలో చదివి అడుగగల బిడ్డలను తయారుచేయుట మా విధి. ఇంట మీరును ఈ లెక్క వారిచే చేయింపుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.