చూపు లేని గర్భిణికి తోడు



చూపు లేని ఆడమనిషి గర్భవతి అయింది. పరీక్షకు అత్తతో కలిసి ఆస్పత్రికి వచ్చింది. అక్కడ అన్నీ అత్తనే అడుగుతారు. "అన్నం తింటోందా? వాంతులు అవుతున్నాయా?" అని. కడుపుతో ఉన్నది ఎవరు? ఆమెకు లేనిది చూపు ఒక్కటే. చెవులున్నాయి, నోరుంది, తెలివుంది. అడగాల్సింది ఆమెనే.

దగ్గరికి రాగానే నర్సమ్మ తన పేరు చెప్పాలి. చెయ్యి వేసే ముందు ఎందుకో చెప్పాలి. "ఎడమ చేతికి సూది వేస్తున్నానమ్మా" అంటే ఆమె ఉలిక్కిపడదు. నడిపించేటప్పుడు రెక్క పట్టి లాక్కుపోకూడదు. మోచెయ్యి అందించాలి. ఆమె అది పట్టుకుని ఒక అడుగు వెనక నడుస్తుంది.

ఇక మాత్రల సంగతి. నాలుగో నెల నుంచి రోజుకు ఒక ఐరన్ మాత్ర, రెండు కాల్షియం మాత్రలు వేసుకోవాలి. కాన్పు అయ్యాక కూడా ఆరు నెలలు వాడాలి. ఎర్రది ఇది, తెల్లది అది అని చెబితే ఆమెకేం లాభం? ఐరన్ అట్టకు రబ్బరు బ్యాండు చుట్టాలి. చేత్తో తడిమితే తెలిసిపోతుంది. రెండు రకాలూ కలిపి వేసుకోకూడదు. నడుమ రెండు గంటలైనా ఆగాలి.

కాళ్ల వాపు ఆమె కంటికి కనపడదు. గాజులు బిగుసుకున్నా, మెట్టెలు పట్టేసినా చేతికి తెలుస్తుంది. తలనొప్పి ఎక్కువైతే ఆగకూడదు. కొందరికి కొంచెం చూపు ఉంటుంది. అది ఇంకా మసకబారితే "ఆమెకు ఎప్పుడూ అంతేలే" అనుకోవద్దు. బీపీ పెరిగినా అలా అవుతుంది. బట్ట తడిస్తే అది నీరో, రక్తమో ఇంట్లోవాళ్లు చూసి వెంటనే చెప్పాలి. బిడ్డ కదలిక మాత్రం ఆమెకే అందరికన్నా బాగా తెలుసు. అది తగ్గితే ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. 108కి ఫోను చేస్తే బండి వస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు.

ఆస్పత్రిలో కాగితం మీద వేలిముద్ర వేయమంటారు. అందులో ఏముందో చదివి వినిపించాకే వేయాలి. చదివిపెట్టేది చదువు నేర్చిన పక్కింటి అక్క కావచ్చు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఆమె ఒప్పుకోకుండా చేయకూడదు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఈ మాట చెబుతోంది. భర్త సరే అన్నా, అత్త సరే అన్నా చాలదు.

"ఈమె బిడ్డనెట్లా సాకుతుంది?" అని ఊళ్లో అంటారు. అనేవాళ్లను అననీ! బిడ్డ పుట్టగానే ఆమె గుండెల మీద పడుకోబెట్టాలి. తల, చెవులు, వేళ్లు తడుముకోనివ్వాలి. ఒక వేలు బిడ్డ బుగ్గ మీద ఉంచితే నోరెక్కడుందో తెలుస్తుంది, పాలు పట్టగలుగుతుంది. బిడ్డ పాకే రోజులకు కాళ్లకు మువ్వల పట్టీలు పెడితే, ఎటు పోయిందో ఆమెకు వినపడుతుంది.