రక్తం పడితే అన్నీ మొలలే కావు

(శుక్రవారం అల్ ఖర్జ్ క్యాంపులో మన గ్రూపు తరఫున చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం)

సిగ్గుపడే విషయమే, అయినా మాట్లాడుకుందాం.

మన రూముల్లో ఎవరికైనా విరేచనంలో రక్తం పడితే "వేడి చేసింది" అంటాం, లేదంటే "మొలలు" అంటాం. మజ్జిగ తాగి ఊరుకుంటాం. చాలాసార్లు మొలలే కావచ్చు. కానీ రక్తంతో పాటు జిగట, కడుపులో మెలిపెట్టే నొప్పి, నిద్రలోంచి లేచి బాత్రూంకి పరిగెత్తడం, బరువు తగ్గడం, ఇవి వారాల తరబడి ఉంటే పెద్ద పేగు లోపలి పొర వాచి పుండు పడి ఉండొచ్చు. దాన్ని అల్సరేటివ్ కోలైటిస్ అంటారు. అంటుకునే జబ్బు కాదు, రూంలోవాళ్లు భయపడక్కర్లేదు.

దీనికీ క్యాన్సర్‌కీ సంబంధం ఏంటంటే, వాపు ఏళ్ల తరబడి ఉంటే ఆ పొర చెడుతూ, మళ్లీ కొత్తగా పుడుతూ ఉంటుంది. కొత్త కణం పుట్టిన ప్రతిసారీ పాత కణంలోని రాత కాపీ కావాలి. వాపు ఆ రాతను కూడా దెబ్బతీస్తుంది. తప్పులు పోగుపడితే కణాల తీరు మారిపోతుంది. డాక్టర్లు డిస్‌ప్లేసియా అనేది దీన్నే. అది ఇంకా క్యాన్సర్ కాదు, అప్పుడే దొరికితే ముందే తీసేయొచ్చు. చిక్కల్లా, ఆ దశలో నొప్పి ఉండదు. కొలనోస్కోపీ చేసి చిన్న ముక్క తీసి చూస్తేనే తెలుస్తుంది.

అందుకే 8 ఏళ్ల లెక్క గుర్తుపెట్టుకోండి. లక్షణాలు మొదలై 8 ఏళ్లయితే, ఒంట్లో బాగానే ఉన్నా, క్యాన్సర్ కోసం కొలనోస్కోపీ చేయించాలి. 2018లో మొదలైతే 2026లో. రెండేళ్లకోసారి ఇంటికి పోయే మనకు అది నాలుగో సెలవు. తర్వాత ఏడాదికా, ఐదేళ్లకా అన్నది డాక్టరు మీ పేగు చూసి చెప్తారు.

ఎక్కువమందికి క్యాన్సర్ రాదు. మెసలమీన్ లాంటి మందు ఆపకుండా వాడి వాపును అణిచిపెడితే ముప్పు తగ్గుతుంది. మనవాళ్లేమో రక్తం ఆగగానే మందు ఆపేస్తారు. పైగా ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్ మింగుతారు, దాంతో పుండు మళ్లీ రేగొచ్చు.

కంపెనీ ఇంటికి పంపిస్తుందేమోనన్న భయం ఉత్తదని నేననను. కానీ రక్తం పోయి పోయి మనిషి పాలిపోతే ఈ ఎండలో పని ఎలాగూ సాగదు. ప్రైవేటు కంపెనీలో చేసేవాళ్లకి హెల్త్ ఇన్సూరెన్స్ యజమానే కట్టాలని ఇక్కడి చట్టం. ఇఖామా తీసుకుని వెళ్లండి, రిపోర్టు కాపీ అడిగి దాచుకోండి. రక్తం బాగా పోయి కళ్లు తిరిగితే 997కి ఫోన్ చేయండి.

కొలనోస్కోపీకి ముందురోజు పేగు కడిగే మందు తాగిస్తారు, బాత్రూం వదలరు. రూంలో ముందే ఒక మాట చెప్పి పెట్టండి.