ఒంటరి పర్వతయాత్ర

తెలుగు కావ్యములలో హిమాలయమునకు ఒంటరిగా పోయినవాడెవడని అడిగినచో అందరికిని ముందుగా స్ఫురించువాడు ప్రవరుడు. అల్లసాని పెద్దనగారి మనుచరిత్రమున అతడు అరుణాస్పదపురవాసి, నిత్యాగ్నిహోత్రి, ఇల్లు కదలని గృహస్థు. అతనికి దూరదేశములను చూడవలెనని కోరిక మెండు. ఇంటికి అతిథియై వచ్చిన సిద్ధుడొకడు పాదలేపమిచ్చెను. అది పూసికొని ప్రవరుడు క్షణములో హిమవంతము చేరెను. సెలయేళ్ళను, చరియలను చూచుచు మధ్యాహ్నము దాక తిరిగెను. తీరా మరలి పోవుదమనుసరికి ఆ లేపము మంచునీటికి కరగిపోయియుండెను. దారి తెలియదు. ఇంట తల్లిదండ్రులు ఎట్లు తల్లడిల్లుచుందురో యని అప్పుడు తలపునకు వచ్చెను. తరువాతి వరూధినీ కథ మీరెరిగినదే.

నేను ఎర్రుపాలెము వాడను. కాజీపేట నుండి విజయవాడ పోవు రైలుదారిలో, మధిర దాటిన పిమ్మట వచ్చు ఊరది. ముప్పదియేండ్లు బడిలో తెలుగు పండితుడనై ఈ ప్రవరుని పాఠముగా చెప్పితిని. కుమారసంభవము మొదటి సర్గలోని హిమవద్వర్ణనమును బాల్యమున గురువుగారి యొద్ద వల్లెవేసితిని. ఇంత చదివియు మంచును నేను చూచినది సోడా దుకాణములో, రంపపు పొట్టు క్రింద మాత్రమే. అందుచేత, ఉద్యోగ విరమణానంతరము, అరువది దాటిన యీ వయసున, ఒక్కడనే పోయి ఆ కొండలలో నాలుగు దినములు నడచి రావలెనని నిశ్చయించుకొంటిని.

మా పెద్దకుమారుడు ఈ మాట విని, "నాన్నగారూ, అందరం కలిసి బదరీ వెళ్దాం. ఒక్కరే ఎందుకండీ?" అని అడిగెను. అతని భయము న్యాయమైనదే. కాని గుంపుతో పోయిననాడు మన కన్ను గుంపుమీదనే యుండును. నడక ఒకరిది, విశ్రాంతి వేరొకరిది, మాటలు అందరివి. బ్రతుకంతయు నలువదిమంది పిల్లల సందడిలో గడపినవానికి ఒక్కమారు నిశ్శబ్దముగా చూడవలెనను కోరిక పుట్టుట వింత కాదు. అయినను కోరిక వేరు, యోగ్యత వేరు. ఆ యోగ్యతను సంపాదించుకొనుటకు ఆరుమాసములుగా నేను చేయుచున్న సన్నాహమును గూర్చియే ఈనాటి నా ప్రసంగము.

మొదటిది చోటు నెంచుకొనుట. తొలిసారి ఒంటరిగా పోవువానికి జనసంచారము లేని దారి తగదు. నేనెంచుకొనినది గఢ్వాలు ప్రాంతములోని పూలలోయ. 1931లో కామెట్ శిఖరమునెక్కి దిగివచ్చుచున్న ఫ్రాంక్ స్మైత్ అను ఆంగ్లేయుడు ఈ లోయను చూచి మురిసిపోయి, 1937లో మరల వచ్చి, దానిమీద గ్రంథము వ్రాసెను. నాటినుండి దాని పేరు లోకమున వ్యాపించినది. 2005లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చినది. రిషీకేశము నుండి జోషీమఠమునకు బస్సులో ఒక పగలు పట్టును. అచ్చటినుండి గోవిందఘాటు; అది దాటి పుల్నా వరకు బండి పోవును. పిమ్మట సుమారు పది కిలోమీటర్లు నడచిన ఘాంఘరియా అను మజిలీ, మూడు వేల మీటర్లకు కొంచెము పైన. వేసవిలోను, వానకాలములోను ఈ దారిన హేమకుండమునకు పోవు సిక్కు యాత్రికులు ఎడతెగక నడచుచుందురు. లోయలో రాత్రి బస నిషిద్ధము. ప్రొద్దున పోయి సాయంకాలమునకు ఘాంఘరియాకు మరలవలసినదే. ఒంటరివానికి ఈ నిషేధమే పెద్ద రక్ష.

అంతమాత్రమున అది ప్రమాదము లేని చోటని తలపరాదు. 1939లో పూలమొక్కలను సేకరింపవచ్చిన జోన్ మార్గరెట్ లెగ్ అను విదుషి అచ్చటి కొండవాలున జారిపడి మరణించెను. ఆమె సమాధి నేటికిని ఆ పూలనడుమనే యున్నది. 2013 జూన్ నెలలోని వరదకు గోవిందఘాటు కూడ దెబ్బతిన్నది. పూలు మిక్కిలిగా పూయు జూలై, ఆగస్టు మాసములే కొండచరియలు విరిగిపడు మాసములు. కావున తిరుగు రైలుటిక్కెట్టునకు ముందు రెండు దినములు ఖాళీగా నుంచుకొంటిని. రైలు తప్పిపోవునను తొందర మనిషిని చేయరాని పనులకు పురికొల్పును.

రెండవది దేహము. మా మండలములోని జమలాపురమున వేంకటేశ్వరస్వామివారి ఆలయము కొండను ఆనుకొని యున్నది. నాటినుండి వారమునకు నాలుగు ప్రొద్దులు ఆ కొండమీదను, తక్కిన ప్రొద్దులు చెరువుగట్టుమీదను నడచుచున్నాను. మొదట వట్టిచేతులతో నడచితిని. పిదప భుజసంచిలో రెండు కిలోల బియ్యము వేసితిని. ఇప్పుడు ఆరు కిలోలు. ఎక్కునప్పుడు ఊపిరి శ్రమపడును, దిగునప్పుడు మోకాళ్ళు శ్రమపడును. ముసలివానికి రెండవదే ముప్పు. అందుచేత దిగుటను ప్రత్యేకముగా అభ్యసించితిని: చిన్న అడుగులు, కొంచెము వంగిన మోకాలు, చేత ఊతకఱ్ఱ. బూట్లను మూడునెలల ముందే కొని, పొక్కులన్నియు ఇంటివద్దనే తేల్చుకొంటిని. వైద్యుని చేత రక్తపుపోటును, గుండెను పరీక్ష చేయించుకొంటిని. నలువది దాటినవారు దీనిని మానరాదు.

మూడవది మూట. నూలుబట్ట మన ఎండలకు దివ్యమైనది. కొండమీద తడిసినచో దేహములోని వేడిని పీల్చివేయును, త్వరగా ఆరదు. ఉన్ని తడిసినను కొంత వెచ్చదనమును నిలుపును. మన పెద్దలు మడికి ఉన్ని ధావళిని అంగీకరించిరి గదా; కనుక నావంటివానికి ధోవతి విడిచి ఉన్నికి మారుటకు శాస్త్రము అడ్డురాదు. వానకోటు, రెండు జతల ఉన్ని మేజోళ్ళు, టార్చిలైటు, ఈల, సీసాడు నీరు, అటుకులు, వేరుసెనగ ఉండలు, నిత్యము వాడు మందులు: ఇవి యుండవలెను. సెల్‌ఫోను ఉన్నదికదా యను ధైర్యము చాలదు. చలికి దాని బ్యాటరీ త్వరగా దిగును. రాత్రి దానిని దుప్పటిలో దేహమునకు దగ్గరగా ఉంచుకొనవలెను. ఈలకు ఆ బాధ లేదు. నిమిషమునకు ఆరుసార్లు ఊది, ఒక నిమిషము ఆగి, మరల ఆరుసార్లు ఊదినచో ఆపదలో నున్నవాడని పర్వతారోహకులందరును గ్రహింతురు. మూడు ఈలలు బదులుగా వినిపించినచో మన మొర ఎవరికో చేరినదని అర్థము. పాదలేపము కరగినవానికి వేరుపాయము లేకపోయెను. మన మూటలో ఏ ఒక్క వస్తువు పోయినను రెండవ ఉపాయము మిగిలియుండవలెను.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది. ఎత్తు పెరిగినకొలది గాలి ఒత్తిడి తగ్గును. అయిదున్నర వేల మీటర్ల యొద్ద అది సముద్రతీరమున నున్నదానిలో సగము మాత్రమే. దేహము దానికి అలవాటుపడుటకు వ్యవధి కావలెను. వ్యవధి యీయనివానికి తలనొప్పి, వికారము, నిద్రలేమి కలుగును. ముదిరినచో ఊపిరితిత్తులలో నీరు చేరును, లేదా మెదడు వాచును. మెదడు వాచినవాడు త్రాగినవానివలె తూలును, పొంతనలేని మాటలాడును. తనకేమియు లేదనియు వాదించును. తోడున్నవాడు దానిని కనిపెట్టి క్రిందికి దింపును. ఒంటరివానికి ఆ కనిపెట్టువాడు లేడు. ఏ బుద్ధితో తన స్థితిని తెలిసికొనవలెనో ఆ బుద్ధినే యీ వ్యాధి మొదట హరించును.

కావున కొండమీద చేయవలసిన నిర్ణయములను బుద్ధి నిర్మలముగా నున్నప్పుడే, ఎర్రుపాలెములోనే, చేసి పెట్టుకొనవలెనని నాకు తోచినది. ఇచ్చట మన సంప్రదాయమే నాకు దారి చూపినది. ఏ కర్మ చేయబూనినను ముందుగా సంకల్పము చెప్పుదుము. అందులో దేశమును, కాలమును, కర్తయొక్క గోత్రనామములను, చేయబోవు కర్మను స్పష్టముగా ఉచ్చరింతుము. పిమ్మట దానిని మార్చుటకు వీలులేదు. అట్లే నేనొక సంకల్పపత్రమును వ్రాసితిని. ఏ దినమున ఏ ఊర బస, ఏ దారిన నడక, ఏ గడియకు మరలుట, నా రక్తవర్గము, నేను వాడు మందులు: ఇవన్నియు అందులోనున్నవి. దాని క్రింద అయిదు నియమములు వ్రాసితిని.

ఒకటి: జోషీమఠమున ఒక దినము ఊరక విశ్రమింతును. రెండు: తలనొప్పి యున్నంతవరకు ఒక్క అడుగైనను పైకి పోను, ఆకులు తుంచుటకైనను, ఫొటో తీయుటకైనను. మూడు: ప్రతి యుదయమున మడమకు వ్రేళ్ళు తాకించుచు సరళరేఖలో పది అడుగులు నడచి చూతును, తూలినచో ఆ క్షణమే మనిషిని పిలిచి క్రిందికి దిగుదును. నాలుగు: మధ్యాహ్నము ఒంటిగంటకు ఎచ్చట నున్నను వెనుకకు మరలుదును, పొంగు వాగును దాటను. అయిదు: ప్రతి సాయంకాలము బసనుండి ఇంటికి కబురు చేయుదును, ఒక రాత్రి గడచినను కబురందనిచో కుమారుడు బసవారికి, ఆపైన 112 సంఖ్యకు ఫోను చేయవలెను. హేమకుండము నాలుగు వేల మీటర్లు దాటినది. ఈ నియమములు అనుమతించిననే దానిని చూతును, లేనిచో క్రిందినుండియే నమస్కరింతును. మూడు వేల మీటర్లు దాటిన పిమ్మట రాత్రి బసను దినమునకు అయిదువందల మీటర్లకంటె ఎక్కువగా పెంచరాదని వైద్యులు చెప్పుదురు. నా బస ఘాంఘరియాను మించి పోదు.

ఇంత జాగ్రత్త యేల, ధైర్యము చాలదా యని పడుచువారు నవ్వవచ్చును. వారికి మన తెలుగువారి కథలే రెండు చెప్పుదును. 2014 మే 25న నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణ, నాటికి ఖమ్మము జిల్లాలో నుండిన చర్ల మండలపు బాలుడు సాధనపల్లి ఆనందకుమార్ ఎవరెస్టు శిఖరమున నిలిచిరి. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లయినను నిండలేదు. భద్రాచలపు అడవి అంచున పుట్టిన పిల్లవాడు అంత ఎత్తున నిలుచుట మాకెంత గర్వమో చెప్పజాలను. కాని వారు నేరుగా ఎవరెస్టునకు పోలేదు. మొదట భువనగిరి కోట బండమీద, పిమ్మట డార్జిలింగులో, ఆ పిమ్మట లద్దాకు చలిలో మెట్టుమెట్టుగా శిక్షణము పొందిరి. శిఖరముమీది ఆ కొలది నిమిషములకు ముందు మాసముల తరబడి పడిన పాటు అది.

రెండవ కథ చెప్పుటకు గొంతు బరువగును. నెల్లూరు జిల్లావాడగు మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండముల ఉన్నత శిఖరములను 172 దినములలో ఎక్కిన మహావీరుడు. అర్జెంటీనా, చిలీ దేశముల సరిహద్దున నున్న ఆండీస్ పర్వతములలో ఒంటరిగా శిఖరమెక్కబోయెను. 2015 మార్చి 24 తరువాత ఆయన జాడ తెలియలేదు. వెదకగా ఏప్రిల్ మొదటివారమున దేహము దొరకెను. అంతటి విద్య, అనుభవము గలవానినే కొండ తనయొద్ద ఉంచుకొనెను. ఆయనను తలచి భయపడి ఇంట కూర్చుండుట ఆయనకు గౌరవము కాదు. మన విద్య ఎంతయో ఎరిగి, అంతలోనే నడచుకొనుట గౌరవము.

ఇక ఇంటివారి సంగతి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణము నుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న మరల ఇల్లు చేరిరి. పరివారము వెంటనున్నను, మజిలీమజిలీకి తాము చూచిన సంగతులను వ్రాసి మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి తెలుపుచు వచ్చిరి. ఆ వ్రాతలే 1838లో కాశీయాత్ర చరిత్రయై అచ్చుపడినవి. ఆయన ఎచ్చటనున్నారో వెనుకనున్న ఆప్తులొకరు ఎరిగియుండిరి. తెలుపుట స్వేచ్ఛకు లోపమని కొందరు పడుచువారు తలచుదురు. తన జాడ తెలిసినవాడొకడున్నాడను నమ్మకమే ఒంటరివానిని నిశ్చింతగా నడువనిచ్చును. ఇంటివారికిని నిద్రపట్టునట్లు చేయును.

నా సంకల్పపత్రమును కుమారుని చేతికిచ్చితిని. రెండుమారులు చదివెను. నాలుగవ నియమములో "ఒంటిగంట" అని యున్నచోట "పండ్రెండున్నర" అని దిద్ది, తన సంతకము చేసి తిరిగి యిచ్చెను. నేను అంగీకరించితిని. రైలుటిక్కెట్టును అతడే కొనెను.

శ్రోతలారా! మీ ఇంటను ఎవరైన, పడుచువారు గాని వృద్ధులు గాని, స్త్రీలు గాని పురుషులు గాని, ఒంటరిగా కొండలకు పోదునన్నచో వలదని కసరుకొనవలదు. అట్టి పత్రమొకటి వ్రాసి యిమ్మని అడుగుడు. ఎక్కడికి, ఎన్నాళ్ళు, ఎప్పుడు మరలుట, ఏమి జరిగిన ఏమి చేయుట అని వ్రాయలేనివారు ఇంకను సిద్ధపడలేదని తెలియును. మరికొన్ని మాసములు ఊరి గుట్టను ఎక్కి దిగుమని చెప్పుడు. వ్రాసి యిచ్చినవారికి దారిబత్తెము కట్టి, దీవించి పంపుడు.