తీగలో కాదు, తీగ చుట్టూ
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించి, మెడికల్ బిల్లుల గురించి కార్యదర్శిగారు చెప్పేశారు. నాకు మిగిలింది ఒక పాత బాకీ. డబ్బు బాకీ కాదు, ఒక కుర్రవాడికి నేనివ్వవలసిన జవాబు.

టెలిఫోన్ శాఖలో నేను మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు చోట్లా పనిచేశాను. 1982లో పుంగనూరులో ఉండగా, కొత్తగా చేరిన కుర్రవాడొకడు స్తంభం కింద నిలబడి, "రాగి తీగలో ఎలక్ట్రాన్లు చీమకంటే నిదానమంట గదా సార్. మాట యెట్ల అంత బిరాన పోతుంది?" అని అడిగాడు. మంచి ప్రశ్నే. సెకనుకు ఒక మిల్లీమీటరు చొప్పున నడిస్తే నూరు కిలోమీటర్లకు మూడేళ్ళు దాటుతుంది. పైగా మాట మోసే కరెంటు అటూ ఇటూ ఊగేదే గాని ముందుకు సాగేది కాదు. నేను నీళ్ళ గొట్టం ఉపమానం చెప్పాను. నిండు గొట్టంలో ఈ కొసన నెడితే ఆ కొసన వెంటనే కారుతుంది గదా అని.

"మరి రేడియోకు గొట్టమేది సార్?" అన్నాడు.

తెలియదు అనడానికి నోరు రాలేదు. "ముందు పని చూడు" అని కసురుకున్నాను. అతను మళ్ళీ నన్నేమీ అడగలేదు.

జవాబు నాకు కుప్పంలో దొరికింది, అదీ నా తప్పు వల్లనే. మైక్రోవేవ్ యంత్రం నుంచి టవరు మీది యాంటెన్నాకు వేవ్‌గైడ్ అనే బోలు గొట్టం వెళుతుంది. లోపల తీగ ఉండదు, పొడి గాలే. ఆ గాలిలో చెమ్మ పీల్చే సిలికా జెల్ నీలం నుంచి గులాబీ రంగుకు తిరిగితే మార్చాలి. రేపు చూద్దామని వదిలేశాను. ఒక వాన రాత్రి గొట్టంలో చెమ్మ చేరి సిగ్నల్ పడిపోయింది. తెల్లవార్లూ కార్డులు మార్చాను, కనెక్షన్లు విప్పి బిగించాను. పొద్దున ఒక పాత మెకానిక్ వచ్చి, గులాబీ గింజలు చూపించి నవ్వాడు. లోహం ఎక్కడా తెగలేదు, చెడింది లోపలి ఖాళీ. అంటే శక్తి నడిచే దారి ఆ ఖాళీయేనన్నమాట!

తరువాత పుస్తకాలు తిరగేశాను. పాయింటింగ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1884లోనే ఈ సంగతి తేల్చాడు. విద్యుత్ క్షేత్రం ఒక దిక్కు, అయస్కాంత క్షేత్రం దానికి అడ్డంగా మరో దిక్కు ఉంటే, శక్తి ఆ రెంటికీ లంబంగా సాగుతుంది. మన టెలిఫోన్ లైనులోనూ అంతే. శక్తి పోయేది రెండు తీగల మధ్య, వాటి చుట్టూ ఉన్న గాలిలో. తీగ కాలువకు గట్టులాంటిది. కొంచెం శక్తి తీగలోకి ఇంకుతుంది, అదే వేడి. యాంటెన్నా దగ్గర కొంత శక్తి ఊయలలాగా ముందుకు పోయి వెనక్కి వస్తుంది. మిగతాది తెంచుకొని సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వెళ్ళిపోతుంది. ట్రాన్స్‌మిటర్ ఆపినా, పోయింది పోతూనే ఉంటుంది. గొట్టం అక్కరలేదు. కాకపోతే పోనుపోను పలచబడుతుంది, దూరం రెట్టింపయితే అందేది నాలుగోవంతు.

మన పాకాల దగ్గరి గాదంకిలో 1990లలో పనిలోకి వచ్చిన ఎం.ఎస్.టి. రాడార్ చూశారా? 1,024 యాగి యాంటెన్నాల మైదానం. నెలకొల్పిననాడు గరిష్ఠంగా 2.5 మెగావాట్ల శక్తిని పైకి పంపేది. పై గాలుల సుడులను తాకి తిరిగొచ్చేది అతి స్వల్పం, దానితోనే గాలి వేగం కొలుస్తారు.

ఆ కుర్రవాడూ ఈపాటికి రిటైరై ఉంటాడు. అడ్రసు నాకు తెలియదు. పుంగనూరు వైపు సభ్యులెవరైనా ఎరిగుంటే ఈ సంచిక ఒకటి అతనికి చేర్చండి, తపాలా ఖర్చు నాది. సెలవు.